నాగేశ్వరమ్మ నిలబడ్డ వేసవి

గడ్డి మీద ఏదో మెత్తగా కూలిన చప్పుడు, వెంటనే కాయలు దొర్లిన చప్పుడు. వంటింట్లో ఉన్న ప్రమీలారాణి గంప ఒరిగిందనుకుంది. మామిడి మాగవేసిన కొట్టు తలుపు తీసేసరికి తియ్యటి వేడి ముఖానికి తగిలింది. ఆ చీకట్లో, వరిగడ్డి మీద, పండుతున్న రసాల మధ్య అత్తగారు నాగేశ్వరమ్మ పక్కకి ఒరిగి పడి ఉంది.

"మోకాలే. అరవకు. కాయలు తొక్కకుండా రా."

అది 1984 మే నెల. విస్సన్నపేట రోడ్డు పక్కన వాళ్ళ తోట. భర్త పోయిన దగ్గర్నుంచి అక్కడ దిగిన ప్రతి కాయా నాగేశ్వరమ్మ చేతుల మీదుగా పోవాల్సిందే. చెట్టు నీడలో గొంతుక్కూర్చుని, తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి, ఇది బజారుకి, ఇది మాగడానికి, ఇది పచ్చడికి అని విడదీసేది. డెబ్బై దాటినా ఆ కూర్చోవడం మారలేదు.

గడ్డి మీద పడితే ఎముకెందుకు విరుగుతుంది అన్నారందరూ. కొడుకు బసవపున్నారావు కట్లు కట్టే దశరథరామయ్యను పిలుచుకొచ్చాడు. ఆవిడ మోకాలు చూపించింది. ఆయన కోడిగుడ్డు సొన రాసి, వెదురుబద్దలు పెట్టి మోకాలికే కట్టాడు. వారం తిరిగాక కట్టు మార్చడానికి వచ్చినప్పుడు మాత్రం ఆయన చూపు పాదం మీద ఆగింది. అది బయటికి తిరిగి పడుకుని ఉంది. మడమలు పక్కపక్కన పెడితే ఒక కాలు పొట్టి.

"ఇది తుంటి, బాబూ. నొప్పి మోకాలి దాకా పాకి మనల్ని మోసం చేసింది. నా కట్టుకి అందే చోటు కాదు. బెజవాడ తీసుకెళ్ళండి."

బెజవాడ డాక్టరు విరిగింది ఇక అతకదని, తొడ ఎముక పైనున్న గుండు తీసేసి స్టీలుది పెట్టాలని చెప్పాడు.

"ఈ వయసులో కోతెందుకండీ? పడుకోబెట్టి చూసుకుంటాం," అన్నాడు బసవపున్నారావు.

"పడుకోబెడితే వీపు పుండవుతుంది, ఛాతీలో నెమ్ము చేరుతుంది. ఇలాంటివాళ్ళని తీసుకుపోయేది తుంటి కాదండీ, మంచం."

ఆపరేషన్ బాగానే అయింది. నాలుగు కాళ్ళ ఇనప స్టాండు పట్టుకుని నాగేశ్వరమ్మ వార్డులో నాలుగడుగులు వేసింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. గుండు జారిపోతుంది.

"ఎప్పటిదాకా?" అంది నాగేశ్వరమ్మ.

"ఎప్పటికీనండీ."

ఇంటికొచ్చిన నాగేశ్వరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "కూర్చుని కాయ ఏరలేనిదానికి నడకెందుకే?" అనేది. ప్రమీలారాణి బతిమాలింది, కసిరింది. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే అత్తగారి నడుం కింద చర్మం ఎర్రగా కమిలి కనిపించింది. డాక్టరన్న మంచం తన పని మొదలెట్టింది.

ఆ పొద్దున తోటలోంచి కలెక్టరు మామిడికాయల బండి వచ్చింది. గంపలు దించబోతున్న కూలిమనిషి ఇన్నమ్మను ప్రమీలారాణి ఆపింది. ఎద్దుల్ని విప్పించి, నొగల కింద రాళ్ళు పెట్టించి బండిని సమంగా నిలిపింది. మీద గోనెలు పరిపించి కాయలు పోయించింది. నడుమెత్తున పచ్చటి అరుగు.

"అత్తయ్యా, కాయ బండి మీదుంది. మీరొచ్చి నిలబడి ఏరితేనే. లేదంటే అలాగే ఉంటుంది."

"ఎండలోనా! మీ పుట్టింట్లో నేర్పిన పద్ధతా ఇది?"

"మా పుట్టింట్లో పొగాకు అత్తయ్యా. ఎండబెట్టడమే మా పద్ధతి."

తిడుతూనే లేచింది నాగేశ్వరమ్మ. స్టాండు పట్టుకుని, గడప దాటి, వాకిట్లోకి. ఒక చెయ్యి బండి అంచు మీద, ఇంకో చెయ్యి కాయ మీద.

"అమ్మగారికి కండక్టరు ఉద్యోగమొచ్చిందే! నిలబడే డ్యూటీ," అంది ఇన్నమ్మ.

"నోర్ముయ్యవే, నీకు టిక్కెట్టు కొట్టను."

ఆ రోజు కాసేపే నిలబడగలిగింది. మర్నాడు ఇంకొంచెం. సీజను ముగిసేసరికి చేతికర్రతో తోట దాకా వెళ్ళింది.

మరుసటి వేసవిలో ఆవిడ గురించి రాసుకుందామని వచ్చిన మనిషి చెట్టు కింద గడ్డి మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఆవిడ బండి పక్కన నిలబడే, కాయలు ఏరుతూనే ఇదంతా చెప్పింది. మధ్యమధ్య అతని మడిచిన కాళ్ళ వైపు చూసింది. చివరికి అంది:

"ఇంక లేవండి బాబూ. మీరలా కూర్చుంటే నాకూ కూర్చోవాలనిపిస్తుంది."