కంద మిట్టల మీద సైకిలు

ఉద్యోగం పోయి ఊరికి వచ్చినప్పుడు నా వెంట తెచ్చుకున్నవి ఇవి: బట్టల పెట్టె, చుట్టిన పరుపు, లాప్‌టాప్, లావు టైర్ల సైకిలు. పెట్టె గురించి, పరుపు గురించి ఎవరూ ఏమీ అనలేదు. గజపతినగరంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని ఊళ్ళోకి వస్తే, ఆటో పైన తాళ్ళతో కట్టిన సైకిలునే వీధంతా చూసింది.

పక్కింటి మావ అరుగు మీంచి లేచి వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, కానీ అమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మావ.

"ఏరా అల్లుడూ, పరుపు కూడా సుట్టుకొచ్చీసినావు. మొత్తానికొచ్చీసినావేటి?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ గుమ్మంలోంచి జవాబిచ్చింది. "ఇంటికాడే కూకొని పని సేసుకోమన్నారంట అన్నయ్యా. ఇప్పుడందరికీ అలగే గదా."

కంపెనీ నన్ను తీసేసిందని అమ్మకు ఫోన్‌లో అప్పటికే చెప్పాను. ఈ మాటను ఎప్పుడు తయారుచేసుకుందో నాకు తెలియదు. నాన్న ఆ మాటను కాదనలేదు, అవుననలేదు. పొలానికి వెళ్ళిపోయాడు.

ఒక అబద్ధానికి ఎంత పని ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, వీధి గదిలో కిటికీ పక్కన లాప్‌టాప్ తెరుచుకుని కూర్చోవాలి. చెవులకు హెడ్‌సెట్ ఉండాలి. ఎవరైనా లోపలికి తొంగి చూస్తే అమ్మ వేలు నోటి మీద పెట్టి "మీటింగు" అనేది. నేను తల ఊపేవాణ్ణి, అవతల ఎవరూ లేకపోయినా. వేరే కంపెనీలకు దరఖాస్తులు పంపడానికి రోజులో కొంతసేపే పట్టేది. మిగతా సమయంలో ఏం చెయ్యాలో తోచక, నాకు వచ్చిన పనే చేశాను. నేను చదివింది మెకానికల్, ఉద్యోగంలో చేసింది కార్ల విడిభాగాలకు డ్రాయింగులు గీయడం. అదే సాఫ్ట్‌వేర్‌లో మా పెరడు కొలతలు వేసి, అందులో పంప్ ట్రాక్ గీశాను.

నగరంలో నేనున్న హాస్టలు దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. మట్టితో చేసిన చుట్టుదారి. దారి పొడుగునా మిట్ట, పల్లం, మిట్ట, పల్లం. మలుపుల దగ్గర దారి బయటి అంచు గట్టులా లేచి ఉంటుంది. దాని మీద సైకిలు పెడలు తొక్కరు. పల్లంలోకి దిగేటప్పుడు చేతులతో, కాళ్ళతో సైకిలును కిందికి నొక్కుతారు. మిట్ట ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేస్తారు. సరిగ్గా చేస్తే ఆ నొక్కుడే వేగమవుతుంది. కొలతలు సరిగ్గా లేకపోతే రెండో మిట్ట దగ్గరే ఆగిపోతారు. మిట్ట ఎత్తుకు పదింతల దూరంలో తరువాతి మిట్ట రావాలని ఒక లెక్క. నాకు ఆ లెక్కంటే ఇష్టం. ఆ రోజుల్లో నాకు తెలిసిన విషయాల్లో కచ్చితంగా ఫలితమిచ్చేది అదొక్కటే అనిపించేది.

మా పెరట్లో బావి వెనక ఖాళీ స్థలం చాలినంత ఉంది. మట్టే చాలినట్టు లేదు. ఒక గాజు సీసాలో మట్టి, నీళ్ళు పోసి కలిపి పెట్టి, మర్నాడు చూశాను. అడుగున ఇసుక మందంగా దిగింది, పైన బంకమట్టి పలచగా నిలిచింది. ఎర్ర గరప నేల, పట్టు తక్కువ. కాయగూరల మడికని నాన్న తోలించిన చెరువు మట్టి దడి పక్కనే పోగుపడి ఉంది. అడిగితే "వాడుకో" అన్నాడు, దేనికని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పగలంతా ఆఫీసు కాబట్టి తెల్లవారుజామునా, పొద్దుగుంకేముందూ తవ్వేవాణ్ణి. పార, గునపం, తట్ట, ఇంట్లో నేల గట్టిచేసే పాత దిమ్మిస. మట్టి పోసి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ పలచగా పోసి కొట్టాలి. మొదటి మూడు మిట్టలూ వరసగా లేచేసరికి దడి అవతల మావ తల కనపడింది.

"ఏటిరా అల్లుడూ, ఎవుల్ని పాతిపెట్టినావు? మూడున్నాయి గోరీలు."

నేను పార పట్టుకుని నిలబడిపోయాను. చెమటతో తడిసిన బనియను, పాతికేళ్ళు దాటిన వయసు, చేతిలో పార, ఎదురుగా నున్నగా చెక్కిన మట్టి కుప్పలు. సైకిలాట కోసమని చెప్పడానికి నోరు రాలేదు.

అమ్మ బావి దగ్గర అంట్లు తోముతోంది. తల ఎత్తకుండానే అంది. "కంద ఏద్దామని అన్నయ్యా. మిట్ట సేసి ఏత్తే దుంప బాగా ఊరతాదంట. ఫోన్లో సూసినాడు."

మావ మిట్టల వైపు ఇంకోసారి చూశాడు. ఈసారి ఎగతాళిగా కాదు, రైతు చూసే చూపు. "ఔన్లే. నీరు నిలవదు" అని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మాట అంతటితో పోతుందనుకున్నాను. మా వీధి సంగతి మరిచిపోయాను. మా దగ్గర పెరటి విత్తనాన్ని ఎవరూ కొనరు, అడగరు. ఎవరింట్లో ఏది వేస్తున్నారో తెలిస్తే, ఉన్నవాళ్ళు తెచ్చి ఇస్తారు. ఇచ్చినదాన్ని వద్దనకూడదు. పంట వచ్చాక తొలి దుంపో, తొలి కాయో ఆ ఇంటికి తిరిగి వెళ్తుంది. అంతే లెక్క.

మర్నాడు మావ భార్య, నాకు అత్త, కొంగులో కంద ముక్కలు తెచ్చింది. మొలక కన్ను ఉన్న ముక్కలు, ఒక్కొక్కటీ పేడనీళ్ళలో ముంచి ఆరబెట్టి మరీ. ఆ వారంలో వీధి చివరి వరకూ కబురు పోయింది. ఎవరో సంచితో, ఎవరో చేటతో. "అబ్బాయి పన్లో ఉండి కూడా మట్టి ముట్టుకుంతన్నాడు, మంచిదే" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను లోపలి గదిలోకి వెళ్ళి హెడ్‌సెట్ పెట్టుకునేవాణ్ణి.

అమ్మతో వంటింట్లో గొంతు తగ్గించి వాదించాను. "అది కందకు కాదమ్మా. నువ్వెందుకలా చెప్పావు?"

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "మరేటి సెప్పాల? నా కొడుకు ఇంజినీరు, మట్టి కుప్పలు పోసి సైకిలాట ఆడుకుంతన్నాడని సెప్పాలా? అది సెప్తే తరవాత మాటేటడుగుతారో తెలదా నీకు? ఆఫీసున్నోడికి ఆటలకి తీరికెక్కడిదని అడగరా?"

డ్రాయింగు తెరిచి, సైకిలు చక్రం పోయే గీత వదిలి మిట్టల బయటి పక్కల, మలుపు గట్ల వెనకా కంద గుంతలకు చోటు గుర్తుపెట్టాను. అమ్మ సరేనంది. కానీ నాటే రోజున అత్త గునపం పట్టుకుని తనే దిగింది. "పక్కకేత్తే దుంప జారిపోతాదిరా, నెత్తి మీదే ఎయ్యాల" అంటూ మొదటి మిట్ట నడినెత్తిన గునపం దించింది. పొరలు పొరలుగా కొట్టిన మట్టి పెచ్చులుగా లేచింది. నేను దిమ్మిస పక్కన నిలబడి "అవునత్తా" అన్నాను. ఆమె నాటినంత మేరా నాటనిచ్చి, బావి పక్క సగం మాత్రం "దానికి ఇంకా ఎరువు కలపాలి" అని ఆపగలిగాను. అలా నాకూ అబద్ధం చెప్పడం వచ్చింది.

మిగిలిన సగం ట్రాక్‌ను జ్యేష్ఠం ఎండల్లో మధ్యాహ్నాలు తొక్కేవాణ్ణి, వీధి మొత్తం నిద్రపోయే వేళ. ఒక మలుపు, నాలుగు మిట్టలు, వెనక్కి తిరిగి రావడం. చాలా రోజులు రెండో మిట్ట దగ్గరే ఆగిపోయాను. ఒక రోజు ఆగలేదు. పెడలు కదలలేదు, అయినా సైకిలు మిట్ట మీంచి మిట్ట మీదకి పోయింది, గట్టు మీద వాలి తిరిగింది, వెనక్కి వచ్చింది. నవ్వు వచ్చింది. ఊరికి వచ్చాక గట్టిగా నవ్వడం అదే మొదలు.

అప్పుడే తడిక చప్పుడైంది. కంద మొలిచిందో లేదో చూద్దామని అత్త వచ్చింది. ఆమెను చూసి బ్రేకు నొక్కాను. ముందు చక్రం జారి నాటిన మిట్ట మీదకి ఎక్కి, అప్పుడే చారల కాడతో లేస్తున్న మొలకను విరిచేసింది. నేను దాని పక్కనే పడ్డాను.

అత్త నన్ను చూసింది, సైకిలును చూసింది, మిట్టలన్నిటినీ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"ఓలమ్మ! ఇందుకేటిరా ఇయ్యి?"

"అవునత్తా."

"మరాఫీసో?"

మోచెయ్యి చెక్కుకుపోయి మండుతోంది. ఇంకో అబద్ధం తయారుగా లేదు. "లేదత్తా. తీసేశారు."

ఆమె కూర్చుని, విరిగిన మొలక చుట్టూ మట్టి కెలికి, దుంపకు ఇంకో కన్ను ఉందో లేదో వేలితో తడిమి, మళ్ళీ మట్టి కప్పింది. వెళ్ళబోతూ అంది. "నాకు తెలుసునని మీయమ్మకి సెప్పకు. ఆ మాట ఆవిడెత్తుకున్నాది, ఆవిడే దించుకోవాల. నువ్వు మజ్జిన సెయ్యెట్టకు."

ఆ సాయంత్రం అత్త మా అరుగు మీద కూర్చుని అడిగింది. "అబ్బాయికి పనెక్కువేటొదినా, సిక్కిపోనాడు?"

"అవునొదినా. ఒకటే మీటింగులు."

"పాపం."

కిటికీ లోపల నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఖాళీ తెర వైపు చూస్తూ విన్నాను. వానాకాలమంతా ఆ సంభాషణ ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంది. అత్త అడిగేది, అమ్మ చెప్పేది, అత్త నమ్మేది. ఎంత చక్కగా నమ్మేదంటే, పెరట్లో నాతో ఆ మాట అన్న మనిషి ఈమేనా అని నాకే అనుమానం వచ్చేది. నేను మాత్రం ఇద్దరి మొహాలూ చూడలేకపోయేవాణ్ణి.

ధనుర్మాసంలో కంద ఆకులు పండి వాలాయి. తవ్వితే ఒక్కో గుంతలోంచి ఒక్కో దుంప, చెయ్యి వెడల్పున్నవి. చెరువు మట్టి, నీరు నిలవని మిట్ట. మావ అన్నట్టే ఊరాయి. అమ్మ గంప నిండా సర్ది, విత్తనం ఇచ్చిన ఇళ్ళన్నీ వేళ్ళ మీద చెప్పుకుంది. గంప నేను ఎత్తుకున్నాను, అమ్మ వెంట వచ్చింది. మొదటి ఇల్లు మావది. అరుగు మీద ఆయన, పక్కన ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు. గంప వాళ్ళ ముందు దించాను.

మావ దుంపను చేత్తో తూచి చూశాడు. "ఓరినీ! ఇంటికాడుండి కంపెనీ జీతం, పెరట్లో కంద. రెండు సేతులా సంపాదిస్తన్నావు గదరా అల్లుడూ!"

నెలల తరబడి నేను ఆ సమాధానాన్ని తయారుచేసుకున్నాను. నిజం చెప్తే అమ్మ భుజాల మీంచి బరువు దిగుతుంది, నేను కిటికీ పక్క కూర్చోనక్కర్లేదు, అత్త నటించనక్కర్లేదు. కారణాలన్నీ సరిగ్గా కుదిరాయి.

"కంపెనీ లేదు మావా. నన్ను తీసేశారు."

ఆయన నా వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు. పక్కనున్నవాళ్ళూ అమ్మ వైపే చూశారు. ఆ చూపు అటు పోతుందని నా కారణాల్లో ఎక్కడా లేదు.

అమ్మ గంప మీది గుడ్డ సర్దింది. "మొన్ననే అన్నయ్యా. ఆ కబురొచ్చి నాల్రోజులు కూడా కాలేదు. ఇంకా ఎవులికీ సెప్పలేదు."

అక్కడైనా నేను ఊరుకోవలసింది. తప్పు లెక్క కనపడితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. "కాదు మావా, వచ్చిన రోజుకే లేదు" అన్నాను.

లోపలి నుంచి అత్త వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "రా వొదినా, నీళ్ళు తాగి ఎల్దువు." అమ్మను లోపలికి పంపి నా వైపు తిరిగి, చిన్నగా, నాకు మాత్రమే వినపడేలా అంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకురా నీకు? సెప్పినాను గదా."

అమ్మ నీళ్ళు తాగి బయటికి వచ్చి, "మిగిలినియ్యి నువ్విచ్చీ" అని ఇంటి వైపు వెళ్ళిపోయింది. ఆమె అంత మెల్లగా వీధిలో నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. మిగతా ఇళ్ళకు గంప ఒక్కణ్ణే మోశాను. ఏ గుమ్మంలోనూ ఎవరూ ఆఫీసు గురించి అడగలేదు. మాట నాకన్నా ముందే వెళ్ళింది. దుంపలు తీసుకుని "అమ్మ ఏదిరా?" అని మాత్రం అడిగారు. ఇంట్లో ఉంది అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజాల్లో ఎవరినీ నొప్పించనిది అదొక్కటే.

మర్నాడు పొద్దున కిటికీ పక్కకు నేను వెళ్ళలేదు, అమ్మ వెళ్ళమనలేదు. మధ్యాహ్నం కాకుండానే పెరటి తడిక తీసి, సందులోంచి ఎవరికైనా కనపడేలా వెడల్పుగా తెరిచి పెట్టింది. బావి గట్టు మీద కూర్చుంది.

"తియ్యి సైకిలు. తొక్కు. ఇప్పుడింక ఎవులికి కందని సెప్పాల?"

కోపంతో అందో, విసిగిపోయి అందో తెలియలేదు. సైకిలు తెచ్చాను. సందులో మావ ఆగాడు. ఇంకెవరో ఆగారు. బావి పక్క నాలుగు మిట్టలూ దాటాను. అయిదోదాని నడినెత్తిన, నిన్న దుంప తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. చక్రం అందులో దిగబడి సైకిలు ఆగిపోయింది. కాలు కింద పెట్టి, హ్యాండిలు పట్టుకుని, అందరి ముందూ నిలబడ్డాను. దారి పొడుగునా ఇంకా అలాంటి గోతులే ఉన్నాయి.

సందులోంచి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తేలిగ్గా ఉండేది.

అమ్మ లేచి, దడికి ఆనించిన పార తెచ్చి నా చేతికిచ్చింది.

"ముందు గోతులు పూడ్సు" అంది.