నేను పట్టిన ఒకే ఒక్క బేస్‌బాల్ క్యాచ్

నేను ఒకప్పుడు ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాణ్ణి. నవ్వకండి. ఆడినందుకు డబ్బు తీసుకునేవాణ్ణే ప్రొఫెషనల్ అంటారు కదా, నేను తీసుకున్నాను. కాకపోతే నా క్రీడాజీవితం మొత్తం ఒకే ఒక్క మధ్యాహ్నం సాగింది. సిడ్నీ పడమటి వైపు ఒక చిన్న క్లబ్బు ఎన్నాళ్ళనుంచో కలలుగంటున్న కప్పును ఆ ఒక్క మధ్యాహ్నంలోనే మంటగలిపాను. ఎలాగో చెబుతాను, గుండె దిటవు చేసుకుని వినండి.

కొత్త శతాబ్దపు తేదీ పడగానే కంప్యూటర్లన్నీ బోల్తాపడతాయన్న వైటూకే గండం నుంచి ప్రపంచాన్ని గట్టెక్కించడానికి సిడ్నీ పక్క పరమట్టాలో దిగిన ప్రోగ్రామర్ల దండులో నేనూ ఒకణ్ణి. రెండువేల సంవత్సరం రానే వచ్చింది. విమానాలు కూలలేదు, బ్యాంకులు మునగలేదు, కనీసం మా ఆఫీసు లిఫ్టయినా ఆగలేదు. లోకమంతా హమ్మయ్య అనుకుంది, మేము తప్ప. పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిట్లో మిగిలిన సన్నాయి మేళంలా కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలో వద్దో తేల్చేవాడు మా మేనేజర్ గ్రెగ్. ఆయన శని, ఆదివారాల్లో నేను చెప్పిన ఆ బేస్‌బాల్ క్లబ్బుకి కోచ్.

ఒక శుక్రవారం గ్రెగ్ వేలాడేసుకున్న మొహంతో నా సీటు దగ్గరకొచ్చాడు.

"మర్ఫీ, మా వాడొకడు నడుం పట్టేసి మంచమెక్కాడు. ఆదివారమే ఫైనల్. నువ్వు క్రికెట్ ఆడేవాడివన్నావు కదా మేట్, క్యాచ్ పట్టగలవా?"

నా పేరు మూర్తి. గ్రెగ్ నోట్లో పడి మర్ఫీ అయింది. కాంట్రాక్టు పొడిగిస్తానంటే మార్గరెట్ అని పిలిచినా పలకడానికి సిద్ధంగా ఉన్నాను.

"నిద్రలో కూడా పడతాను గ్రెగ్!"

పక్క సీట్లో ఉన్న హైదరాబాదు మిత్రుడు ఖాజా తల గోక్కున్నాడు. "మూర్తి భాయ్, ఆ ఆట ఎట్లాడ్తరో ఎరుకేనా నీకు?"

"బ్యాటు, బంతి. ఇంకేముంది ఖాజా భాయ్?"

"బ్యాటు గుండ్రంగుంటది భాయ్."

"ఉంటే ఉండనీ. నేను పట్టేది బంతిని."

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ సుధ ఒకటే అడిగింది. "ఏవండీ, వేళ్ళు విరిగితే ఆ కాంట్రాక్టు పొడిగించి మాత్రం ఏం లాభం? టైపు ఎవరు చేస్తారు?"

ఆదివారం ఆట కూలీ అంటూ గ్రెగ్ ఇరవై డాలర్లు ముందే నా చేతిలో పెట్టాడు. నా ఎడమచేతికి పనసకాయంత తోలు గ్లవ్ తొడిగి, మైదానం చివర కుడివైపు మూలకు పంపించారు. బంతి అటు రావడం చాలా అరుదట. గ్రెగ్ తెలివైనవాడు. నా ఆట చూడ్డానికొచ్చిన సుధ, ఖాజా ఆ మూలనే కంచె పక్కన కూర్చున్నారు. ఆ పూటంతా నేను ఆస్ట్రేలియా ఈగలతో హోరాహోరీగా తలపడ్డాను. అందులోనూ ఈగలదే పైచేయి.

ఆట చివరికొచ్చింది. మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతలి జట్టు బ్యాటింగ్. వాళ్ళవాళ్ళిద్దరు పరుగు తీయడానికి చెరో మజిలీలో, అంటే బేస్ దగ్గర, కాచుకుని ఉన్నారు. గ్రెగ్ నాకేసి చూసి, ఒక వేలు పైకెత్తి "వన్ అవుట్!" అని అరిచాడు. ఒకడు అవుటయ్యాడు, ఇంకా ఇద్దరు కావాలని ఆయన భావం. ఇంకొక్కడు అవుటైతే చాలని నేను అర్థం చేసుకున్నాను.

అంతలో ఠంగుమని దెబ్బ. బంతి ఆకాశంలోకి లేచి, అడ్రసు తెలిసినదానిలా సరిగ్గా నామీదికే వస్తోంది. తెనాలి మైదానాల్లో ఉత్తచేతులతో క్యాచ్‌లు పట్టినవాడికి ఈ తోలు సంచీ ఏమిటని పౌరుషం పొంగింది. గ్లవ్ విసిరికొట్టి, పరిగెత్తి, గాల్లోకి ఎగిరి, రెండు చేతులతో పట్టేశాను! అరచేతులు కాలే పెనం పట్టుకున్నట్టు భగ్గుమన్నాయి. అయినా సరే, బంతిని ఆకాశంలోకి ఎగరేసి, మళ్ళీ పట్టుకుని, ఇంకోసారి ఎగరేశాను.

మా జట్టంతా ఒక్క గొంతుతో "హోమ్! హోమ్!" అని కేకలు.

ఆహా, గెలిచేశాం, ఇక ఇళ్ళకు పోదామంటున్నారు! బంతిని జ్ఞాపకంగా ప్యాంటు జేబులో వేసుకుని సుధ దగ్గరకు నడిచాను.

"పద, అందరూ ఇంటికెళ్దామంటున్నారు."

"వాళ్ళు నవ్వట్లేదేంటండీ?"

వెనక్కి చూస్తే మా ఆటగాళ్ళు నామీదికి దూసుకొస్తున్నారు. భుజాల మీద ఎత్తుకోవడానికే అనుకుని చేతులు చాపి నిలబడ్డాను. మొదట వచ్చినవాడు నన్ను ఎత్తలేదు. నా జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. పాఠకమహాశయులారా, ఆ ఆటలో క్యాచ్ పట్టాక కూడా మజిలీల్లో ఉన్నవాళ్ళు పరిగెత్తవచ్చట. వాళ్ళు చేరాల్సిన ఆఖరి చోటును హోమ్ అంటారట. బంతి అక్కడికి విసరమని మావాళ్ళ మొత్తుకోలు. నేను సంబరపడుతున్నంతసేపట్లో అవతలివాళ్ళిద్దరూ హోమ్ చేరి రెండు పరుగులు చేశారు. కప్పు పోయింది.

గ్రెగ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. దూరం నుంచి ఖాజా కేక వినబడింది. "భాయ్, కారు స్టార్ట్ చేసిన, ఉరుకు!"

సోమవారం గ్రెగ్ పిలిచాడు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

"ఇక్కడ పని లేదు మర్ఫీ. కాంట్రాక్టు పొడిగించలేను."

"అర్థమైంది గ్రెగ్."

"ఆగు. నిన్న రెండో పరుగు తీసినవాడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ మేనేజర్. ప్రోగ్రామర్ల కోసం వెతుకుతున్నాడు. నువ్వు పని బాగా చేస్తావని చెప్పాను. వచ్చే వారం నుంచి రమ్మన్నాడు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నిన్న అంత నష్టం చేసినవాడికి ఇంత మేలా! గ్రెగ్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"కానీ ఒక షరతు ఉంది. వచ్చే సీజన్ నుంచి నువ్వు వాళ్ళ జట్టులో ఆడాలి."

"ఆయన అంతలా మెచ్చుకున్నాడా!"

"షరతు ఆయనది కాదు, నాది."

ఆ పూటే ఆఫీసు మెట్ల మీద నిలబడి, వాచిన కుడిచెయ్యి పైకెత్తి, ఖాజా సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ క్యాచ్ పట్టినా సరే, అంపైరుగారు స్వయంగా నడిచొచ్చి "ఆట అయిపోయింది నాయనా, ఇక గంతులేసుకో" అని నా చెవిలో చెప్పేదాకా పెదవి కూడా విప్పను.