రికార్డులో మా బాపు పేరు

రికార్డు అంటే నా చిన్నప్పుడు పాటలు పాడే నల్ల పళ్లెం అనుకునేదాన్ని. పెళ్లిళ్లలో మైకుసెట్టు అతను దాని మీద ముల్లు పెడితే ఎక్కడెక్కడివాళ్లో పాడేవారు. అందుకే మా బాపు చనిపోయిన ఏడాది, పొలం రికార్డు చూపించుకోవాలని అమ్మ నన్ను వెంటబెట్టుకుని బాన్సువాడ ఆఫీసుకు పోతుంటే, అక్కడ బాపు గొంతు వినబడుతుందని సంబరపడ్డాను.

అమ్మకు ఆ సంబరం లేదు. కాలువ కింద ఎకరం పొలం ఒక్కటే మా ఆధారం. బాపు తమ్ముడు, మా చిన్నాయన, అది తన పేరున ఎక్కిందని, నాటుకు దిగొద్దని అడ్డం పడ్డాడు. నాటు పడకపోతే మాకు గింజ లేదు. అమ్మ రెండు రోజులుగా సరిగా తినలేదు.

ఆఫీసులో ముసలి గుమాస్తా బాపు పేరు అడిగాడు. మగని పేరు పలకడం మా ఆడవాళ్లలో లేదు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, మా పిల్ల బాపు అని మాత్రం అంది. అతను మళ్లీ అడిగాడు. పేరు ఆమె నోరు దాటలేదు. వెనక జనం విసుక్కుంటున్నారు. చివరికి నేనే, రికార్డుకు వినబడాలని, గొంతు చించుకుని చెప్పాను. బాపు ఎప్పుడు మాట్లాడతాడని కూడా అడిగాను.

"ముల్లు పెట్టుండ్రి సారూ, పాడ్తడు" అన్నాడు వెనక ఒకాయన. అందరూ నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. ఒక పెద్ద పుస్తకం తెరిచి నన్ను దగ్గరికి పిలిచాడు.

"గిది మాట్లాడది బిడ్డా. రాసింది పట్టుకోని కూసుంటది, గంతే. అబద్ధం రాసినా గట్లనే పట్టుకుంటది."

తర్వాత ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాడు. బాపు పేరు మీద గీత ఉంది. దాని కింద చిన్నాయన పేరు. దానికి జతచేసిన కాగితంలో, భార్యకు ఇష్టమే అని రాసి, కింద వేలిముద్ర ఉంది. బాపు చావు కాగితం కోసమని చెప్పి చిన్నాయన వేయించుకున్న ముద్ర అదేనని అమ్మకు అప్పుడు తెలిసింది.

"గది నా ఏలే సారూ" అని అమ్మ నేల మీద కూలబడింది. చిన్నాయన పేరు కొట్టేయమని గుమాస్తా కాళ్లు పట్టుకోబోయింది. తన చేతుల్లో లేదని చెప్పి, అతనే అభ్యంతరం కాగితం రాశాడు. ముద్ర వేయడానికి అమ్మ తొందరపడితే ఆమె చెయ్యి పక్కకు జరిపి, రెండుసార్లు చదివి వినిపించాడు.

"ఇన్నవు గద. ఇగ పెట్టు" అన్నాడు.

మూడేళ్లు తిరిగినా పొలం రాలేదు. అమ్మ అదే మడిలో కూలికి నాటు వేసింది.

మనవరాళ్లు పుట్టాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మా వాడలో ఎవరు వేలిముద్ర వేయబోయినా ముందు ఆ కాగితం నేను తీసుకుంటాను. కూడబలుక్కుంటూ చదువుతాను. తెచ్చినవాళ్లు ఆలస్యమవుతోందని గొణుగుతారు. ఆఖరి మాట దాకా చదవందే నేను కాగితం వదలను.