ఊట మలుపు మామిళ్లు

నేను చెప్పే మాటలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా బాగా ఎండబెట్టాకే వాడుకోవాలని మా ఉప్పుగూడ గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకసారి ప్యాసింజరు బండి నా సైకిలును చూసి, గేటు దగ్గర ఆగి, కూత పెట్టి మరీ దారి ఇచ్చిందని చెప్పాను. ఇంకోసారి జూపార్కు గోడ పక్కనుంచి వస్తుంటే ఒక కోతి క్యారియర్ మీద ఎక్కి కూర్చుందనీ, కిషన్‌బాగ్ రాగానే నా భుజం తట్టి దిగిపోయిందనీ చెప్పాను. వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నమ్మమని నేనూ ఎవర్నీ అడగలేదు. నా మాట నమ్మకపోతే నాకేం నష్టమో మొన్నటి చలికాలం దాకా తెలియలేదు.

ఆ కోతి దిగిన చోటే ఆపా ఇల్లు. ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. నా జాకెట్ల కొలతలు పెరుగుతూ పోవడం చూసిన మనిషి, ఎవరికీ చెప్పని మనిషి. నేను ఆమెను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. రెండు మాటలకూ అర్థం ఒకటే. ఇద్దరిలో ఎవరు పెద్దో తేలకుండా ఇన్నేళ్లూ అలా నెట్టుకొచ్చాం.

ఆమె భర్త లారీ డ్రైవరు. నేను భాయ్ అనేదాన్ని. నలభై దాటాక మా ఇద్దరికీ సైకిలు నేర్పింది ఆయనే. దుకాణాల షట్టర్లు ఇంకా లేవని పొద్దున పూట, క్యారియర్ పట్టుకుని మా వెనకాల పరుగెత్తేవాడు.

"బ్రేకు గట్టిగ గుంజకు అక్కా, మెల్లగ, మెల్లగ! ఇరవై టన్నుల లోడు వేసుకుని ఘాట్ దిగిన గానీ గింత భయం కాలే నాకు."

"ఆ లోడు మాట్లాడదు భాయ్, అందుకని."

"గదీ నిజమే."

ఆ ఘాట్ నల్లమలలోది. శ్రీశైలం దారిలో అడవి మధ్య కొండ దిగుతుండగా ఒక మలుపులో బండరాతి సందునుంచి నీళ్లు ఊరుతాయట. లోడుతో ఎక్కే లారీలు అక్కడ ఆగి, ఇంజను చల్లబడేదాకా నిలబడి, రేడియేటరులో నీళ్లు పోసుకుంటాయి. పెళ్లయిన మొదటి ఎండాకాలం ఆపా టిఫిను డబ్బాలో మామిడిపండు పెట్టి పంపిందట. ఆయన ఆ మలుపులో కూర్చుని తిని, జాకీ రాడ్డుతో గుంత తవ్వి టెంక పాతిపెట్టాడట. ఆ దారిన వెళ్లినప్పుడల్లా డబ్బాడు నీళ్లు పోశాడట. మొలిచిందట, చెట్టయిందట. ఈ "అట"లన్నీ ఆపావి. ఆయన మాత్రం ఎప్పుడూ ఖచ్చితంగానే చెప్పేవాడు.

ఏమీ కొని తేలేదని ఆమె సణిగినప్పుడల్లా, "అడవిల నీ పేరున చెట్టుంది, ఇంకేం కావాలె" అనేవాడు. "పుదీన కుండీకి నీళ్లు పొయ్యడు, అడవిల చెట్టు పెంచిండంట" అని ఆమె నావైపు తిరిగి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మా పెద్ద అబద్ధాల సంఘంలో ఆయన కూడా సభ్యుడేనని నా నమ్మకం.

ఆడవాళ్లకు మాత్రమే నల్లమలలో సైకిలు యాత్ర అని ఒక ప్రకటన ఫోనులో కనిపిస్తే ఇద్దరం పేర్లిచ్చాం. దారి చూపే అమ్మాయి ముందు, సామాన్ల బండి వెనక. రాత్రి గుడారాల్లో పడక. భాయ్ మాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. ఆపా సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు తనే వేశాడు. "పోయి చూసి రా. చూసినంక నవ్వు," అన్నాడు.

యాత్రకు నెల ముందు, కార్వాన్ గోదాము దగ్గర సరుకు దించుతుండగా, ఛాతీ పట్టుకుని లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్‌లో ఉంటుంది. ఆపా గాజులు తీసేసింది. కాటుక మానేసింది. మిషను మీద దుప్పటి కప్పింది. సైకిలు నడవలో గోడకు ఆనించి ఉంది. నేను సెలవు రోజుల్లో వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టమని లోపలున్న కోడలికి కేకేసేది, వెళ్లేవాళ్లకు జాగ్రత్త చెప్పేది. అంతే. చూస్తే నాకు భయం వేసేది.

యాత్ర మానేస్తానని చెప్పడానికి ఒకరోజు వెళ్లాను.

"పిచ్చా నీకు? నువ్వు పోవాలె," అంది. "ఊట ఉన్న మలుపు. యాదికుందా?"

"ఉంది ఆపా."

"చెట్టుంటే ఉందని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. ఎన్నేండ్లు నవ్విన నేను ఆయన మీద. ఆయన చెప్పింది నిజమో కాదో నాకు తెలవాలె." నా మణికట్టు పట్టుకుంది. "నీ కతలు మాత్రం వద్దక్కా. ఈ ఒక్కసారికి. ఒక ఆకు తెంపుకొని రా, చాలు."

యాత్రలో అందరికంటే పెద్దదాన్ని నేనే. మిగిలినవాళ్లంతా ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే అమ్మాయిలు. మా గైడు అమ్మాయి సన్నగా చువ్వలా ఉండేది. మెడలో ఈల. అడవిలోకి అడుగుపెట్టేముందే గట్టిగా చెప్పింది. మంట వేయొద్దు, కేకలు వద్దు, కోతులకు తిండి పెట్టొద్దు, అడవిలోనుంచి ఏమీ పట్టుకుపోవద్దు. "రాయి కాదు, ఈక కాదు, ఆకు కూడా కాదు."

మొదటి సాయంత్రం గుడారాలు వేశాక, గ్యాసు పొయ్యి మీద కిచిడీ ఉడుకుతుండగా, ఒక కథ చెప్పమని అమ్మాయిలు నా చుట్టూ చేరారు. నేను కోతి కథ మొదలుపెట్టాను. కోతి క్యారియర్ ఎక్కేదాకా వచ్చి ఆగిపోయాను. "తర్వాత ఏమైందాంటీ?" అన్నారు. "ఏం కాలేదు. దిగిపోయింది," అన్నాను. నా జీవితంలో అంత చప్పగా కథ ముగించింది అదే.

మరునాడు ఘాట్ దిగాం. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఎండుటాకుల వాసన. గైడు అమ్మాయి ఒక్కొక్కరినీ కాస్త ఎడం ఉంచి వదిలింది. బ్రేకులు పట్టీ పట్టీ నా వేళ్లు తిమ్మిరెక్కాయి. మెల్లగ, మెల్లగ అనుకుంటూ దిగాను. క్యారియర్ ఎవరూ పట్టుకుని లేరని తెలిసి కూడా రెండుసార్లు వెనక్కి చూశాను.

ప్రతి మలుపులోనూ బండకేసి చూస్తున్నాను. ఒకచోట రోడ్డు మీద తడి కనిపించింది. బండసందులో సన్నటి ఊట. ఒక లారీ ఆగి ఉంది, బానెట్ ఎత్తి ఉంది. సైకిలు దిగాను. తలెత్తి చూశాను.

మామిడి చెట్టు ఉంది. దాని పక్కన ఇంకొకటి. వెనకాల ఇంకో రెండు. లోయవైపు వాలు మీద మరికొన్ని. చిన్నవీ పెద్దవీ, వంకరవీ నిటారువీ, టేకు చెట్ల మధ్య ఎక్కడ చూసినా మామిళ్లే. ఎన్నని లెక్కపెట్టబోయి మానేశాను.

డబ్బాలో నీళ్లు పడుతున్న ముసలి డ్రైవరు నన్ను చూసి, "ఏందమ్మా, గట్ల నిలవడ్డవ్? గాలి పోయిందా?" అన్నాడు.

"లేదన్నా. ఇన్ని మామిడి చెట్లేంది ఇక్కడ?"

"డ్రైవర్లయి. ఎండకాలం ఈడ ఆగి పండ్లు తింటరు, టెంకలు ఇసిరేస్తరు. కొంతమంది పాతిపెడ్తరు గూడ. నేను గూడ ఒకటి పెట్టిన. నా పెండ్లయిన ఏడు." డబ్బా మూత బిగించాడు. "ఏదో మాత్రం యాదికి లేదు. ఇంట్ల చెప్తే మా ఆడోళ్లు నవ్వుతరు."

రోడ్డు అంచున ఉన్న చెట్టు కొమ్మ వంచి ఒక ఆకు తెంపాను. వెనకనుంచి ఈల వినిపించింది.

"ఆంటీ, ప్లీజ్. ఆకు కూడా వద్దని చెప్పాను కదా."

వేరే రోజైతే ఆ ఆకు గాలికి ఎగిరొచ్చి నా చేతిలో పడిందని ఒక పావుగంట చెప్పి ఉండేదాన్ని. ఆ రోజు "సరేనమ్మా" అన్నాను. ఆకు చెట్టు మొదట్లో పెట్టి, ఫోనుతో ఫోటోలు తీసుకుని, సైకిలెక్కాను.

తిరిగొచ్చిన మరుసటి మధ్యాహ్నం కిషన్‌బాగ్ వెళ్లాను. ఆపా పరదా వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది. నేను చెప్పాను. ఏమీ కలపలేదు. ఊట, తడి రోడ్డు, లారీ, చెట్లు, డ్రైవరు మాట. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరో ఆఫీసు కాగితం చదువుతున్నట్టుంది.

ఆమె నా ముఖంలోకి చూస్తూ వింది. తర్వాత చెయ్యి చాచింది.

"ఆకు?"

"తేనియ్యలేదు. అడవి కాయిదా అంట, ఏం తేవద్దంట."

"ఊఁ."

ఫోటోలు చూపించాను. దగ్గరి నుంచి తీసిన ఆకులు, కొమ్మలు, ఒకదాంట్లో రోడ్డు అంచు నుంచి వాలు దాకా చెట్లు. ఆమె వేలితో ఒక్కొక్కటీ జరిపింది. "జూపార్కుల గూడ దొరుకుతయి ఇవి," అంది. కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

"ఒట్టు ఆపా."

"ఆయన ఒక్క చెట్టు చెప్పిండు. నువ్వు తోటనే తెచ్చినవ్. ఆయన అబద్ధం జర హద్దుల ఉండె." నవ్వబోయింది. "నా దిల్ ఖుష్ చేద్దామనుకున్నవ్. నాకు తెలుసు. వద్దంటిని గదా అక్కా."

"గైడు పిల్లకు ఫోన్ చేస్త. నువ్వే అడుగు."

"వద్దు. ఆ పిల్లకు గూడ చెప్పి పెట్టి ఉంటవ్."

ఫోను వెనక్కి తీసుకున్నాను. బయట కూరగాయల బండివాడు టమాటలని అరుచుకుంటూ పోయాడు. నడవలో ఆమె సైకిలు ముందు చక్రం గాలి పోయి నేలకంటుకుని ఉంది.

ఊరికే మాట కోసం అన్నట్టు ఆపా అడిగింది.

"కాయలున్నయా?"

"లేవు."

"ఒక్కటి గూడ?"

"చలికాలం ఆపా. పూత గూడ రాలే. ఉత్త ఆకులు, వాటి మీద లారీల దుమ్ము."

ఆమె నా చేతిలోని ఫోను మళ్లీ తీసుకుంది. వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి, కళ్లు చిట్లించి, చాలాసేపు చూసింది.

"కతయితే నువ్వు కాయలు కాయించేటిదానివి," అంది మెల్లగా. "నీ కోతి వచ్చి కోసిచ్చేది."

"ఆపా..."

"దుమ్ము ఎందుకుంటది, కతయితే."

అప్పుడు ఏడ్చింది. భాయ్‌ని తీసుకెళ్లిన రోజున కూడా ఏడవని మనిషి. ఫోను ఒళ్లో పెట్టుకుని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, ఊగి ఊగి ఏడ్చింది. లోపలినుంచి కోడలు వచ్చి నిలబడింది. నేను చెయ్యి ఊపి పంపేశాను. ఆపా తల నా భుజానికి ఆనించుకున్నాను.

కాస్త తెరిపి అయ్యాక ముఖం తుడుచుకుని, ఫోను మళ్లీ నా ముందు పెట్టింది. ఫోటోలో ఒక చెట్టు మీద వేలు ఆనించింది. అక్కణ్నుంచి తీసి ఇంకో చెట్టు మీద పెట్టింది.

"ఆయనది ఏదక్కా వీట్ల?"

ఒక చెట్టు చూపిస్తే సరిపోయేది. నా వేలు కూడా లేచింది. రోడ్డు అంచున ఉన్నదాన్ని, నేను ఆకు తెంపి కింద పెట్టినదాన్ని, ఇదే అని చెప్పేస్తే ఆమె నమ్మేది. ఆ క్షణంలో నేనేం చెప్పినా నమ్మేది.

"తెలవదు ఆపా," అన్నాను.