దూది మింగిన కుక్క

మా అక్క మొగుడికి గుంటూరు శివార్లలో జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి నుంచి గింజ వేరుచేసి దూదిని బేళ్లు కడతారక్కడ. మిల్లుకొచ్చే కొనుగోలుదార్ల ముందు తాను మామూలు మనిషి కాదని చూపించుకోవడమే ఆయన అసలు వ్యాపారం. మొదట ఆఫీసులో గోడంత టీవీ పెట్టించాడు. అది పాతబడ్డాక గోల్డెన్ రిట్రీవర్‌ని కొన్నాడు. ఎండాకాలంలో తారు చెప్పులకంటుకునే ఊళ్లో, ఒళ్లంతా వేలెడు బొచ్చున్న కుక్క! దాంతోపాటు మెరిసే గొలుసు, మెత్తటి పరుపు, పుట్టినరోజుకి పెట్టే టోపీ కూడా వచ్చాయి. దువ్వెన మాత్రం రాలేదు.

రోజూ పొద్దున్నే దాన్ని మిల్లుకి తీసుకెళ్లి ఆఫీసు గుమ్మంలో కట్టేసేవాడు. మిల్లు నడుస్తుంటే గాలినిండా దూది నూగు తేలుతుంటుంది. పనివాళ్ల కనుబొమలు కూడా తెల్లబడతాయి. ఆ నూగంతా కుక్క బొచ్చులో చిక్కుకునేది. కట్టేసి ఉన్న కుక్కకి ఇంకేం పనుంది? సాయంత్రందాకా ఒళ్లు నాక్కుంటూ కూర్చునేది.

ఓ ఆదివారం నేను అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు అది వరండాలో అదే పనిలో ఉంది. బావగారు మురిసిపోతున్నాడు.

"చూశావా, ఎంత శుభ్రమో! స్నానం కూడా దానంతట అదే చేసుకుంటుంది."

నేను దగ్గర కూర్చుని బొచ్చు విడదీసి చూశాను. చెవుల వెనక, పొట్టకింద చిక్కులు పడి తాళ్లలా పేనుకుపోయింది. వాటికింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. నెత్తురు తాగి ఉబ్బిన గోమార్లు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి.

"ఇది శుభ్రం కాదు బావగారూ, దురద. రోజూ దువ్వాలండి. లేకపోతే ఊడిన బొచ్చంతా నాకి మింగేస్తుంది."

"అది పిల్లుల జబ్బమ్మాయ్. కుక్క పొట్టలో రాయి వేసినా అరుగుతుంది. నువ్వు స్కూల్లో పిల్లలకి చెప్పుకో పాఠాలు."

ఆయనకి తెలియని విషయమంటూ లోకంలో లేదు. తెలియదని తెలిస్తే కదా, తెలుసుకునేది!

పత్తి సీజను ముగిసేలోపే ఓ పొద్దున అక్క ఫోన్ చేసింది. "నిన్నట్నించీ ఏమీ తినట్లేదే. కక్కబోతోంది, ఏమీ రావట్లేదు. మీ బావేమో దిష్టంటున్నాడు."

స్కూటర్ మీద వెళ్లేసరికి వరండా అంతా పొగ. కుక్కకి ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి నిప్పుల్లో వేశారు. అసలే ఊపిరి తీసుకోలేక మెడ చాచి పడుకున్న మూగజీవి ముందు మిరపకాయలు కాల్చాడా మహానుభావుడు. తన కళ్లవెంట నీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకుంటూ, "ఘాటే రాలేదు చూడు! ఎంత దిష్టి తగిలిందో!" అన్నాడు.

"లోపలికేమన్నా పట్టారా?"

"ఆముదం. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు."

పొట్టమీద చెయ్యి వేస్తే కుక్క మూలిగింది. "కారు తియ్యండి, బ్రాడీపేటలో డాక్టరుగారున్నారు," అన్నాను. ఆయన కారువైపు చూశాడు, కుక్కవైపు చూశాడు. "సీట్లు కొత్తవి. కక్కుతుందేమో," అన్నాడు.

అక్క వీధిలోకెళ్లి ఆటో పిలుచుకొచ్చింది. ఇద్దరం దుప్పట్లో కుక్కని ఎత్తుకుని ఎక్కాం. మా వెనక బావగారు కారులో, ఏసీ వేసుకుని వచ్చాడు.

డాక్టరమ్మ స్కాన్ తీసి, పొట్టలో గడ్డలా ఏదో అడ్డం పడిందంది. "రోజూ దువ్వుతారా?" అని అడిగింది.

"పార్లర్‌కి తీసుకెళ్తామండి, రెగ్యులర్‌గా," అన్నాడు బావగారు, తడుముకోకుండా. అక్క ఆయన మొహంలోకి చూసింది. ఆయన గోడమీద బొమ్మ చూశాడు.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. బయటికి తీసినదాన్ని డాక్టరమ్మ ట్రేలో తెచ్చి చూపించింది. బొచ్చూ దూదీ కలిసి ముద్దకట్టి, తడిసిన పీచులా ఉంది, పిడికిలంత.

"కుక్కల్లో ఇది అరుదేనండి. మామూలుగా కొంచెం బొచ్చు మింగినా విరేచనంలో పోతుంది. ఇంత మింగిందంటే దురదన్నా ఉండాలి, తోచకన్నా ఉండాలి. దీనికి రెండూ ఉన్నాయి. గోమార్లకి మందు వాడాలి, రోజూ దువ్వాలి, తిప్పాలి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. వేడని బొచ్చంతా గొరిగించకండి, చర్మం కాలుతుంది. ఆముదాలవీ పొయ్యొద్దు. ఇంకోసారి ఒట్టి డోకులు వస్తే ఇంట్లో వైద్యం చెయ్యకుండా వెంటనే తీసుకురండి."

బావగారు గంభీరంగా తలాడించి, "దీన్ని ఫొటో తీసుకోవచ్చాండీ?" అన్నాడు.

తీసుకున్నాడు కూడా. ఇంటికి చేరేలోపే ఆ ఫొటో బంధువుల గ్రూపులో ఉంది. సకాలంలో లక్షణాలు గుర్తించి ప్రాణం కాపాడానని కింద రాసుకున్నాడు. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఆపరేషను జరుగుతున్నంతసేపూ ఆయన కింద హోటల్లో పెసరట్టు తింటున్నాడని ఆ గ్రూపులో నాకూ అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు.

కుట్లున్న కుక్క కొనుగోలుదార్లకి చూపించడానికి బాగుండదట. "మానేదాకా నీ దగ్గరుంచుకో," అని నా గుమ్మంలో వదిలేసి వెళ్లాడు. గోమార్లకి మందు వేయించాను. కుట్లు ఆరాక పొద్దున్నే డాబా మీద దువ్వడం మొదలుపెట్టాను. చిక్కుల్ని ముందు వేళ్లతో విడదీసి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, ఆ తర్వాత సన్న దువ్వెనతో. చిక్కు తీయకుండా నీళ్లు పోస్తే ఇంకా బిగుసుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి స్నానం దువ్విన తర్వాతే. రెండుపూటలా వీధులన్నీ తిప్పేదాన్ని. ఇల్లు చేరగానే నీళ్లు తాగి నిద్రపోయేది. నాక్కోవడం దానంతటదే తగ్గిపోయింది. అక్క వచ్చినప్పుడల్లా దువ్వెన నా చేతిలోంచి లాక్కునేది.

వేసవి దాటాక బావగారు ఇద్దరు కొనుగోలుదార్లని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కుక్క బొచ్చు నిగనిగలాడుతోంది.

"లాంగ్ హెయిర్ బ్రీడ్ కదండీ, మెయింటెనెన్స్ నేనే దగ్గరుండి చూసుకుంటా. దువ్వకపోతే లోపలికెళ్లి గడ్డ కడుతుంది. మనవాళ్లకి ఈ అవగాహన లేదు," అని వాళ్లకి పాఠం చెప్పి, కుక్కని పేరు పెట్టి పిలిచాడు.

అది లేచి వెళ్లి నా మంచం కింద దూరింది. ఈల వేశాడు. చిటికెలు వేశాడు. అది తోక కూడా కదపలేదు.

"మరీ గారాబం చేసి పాడుచేశావ్ దీన్ని," అన్నాడు నాతో. "ఆదివారం వాడరేవు వెళ్తున్నాం. రెడీగా ఉంచు, బీచ్‌లో ఫొటోలు తియ్యాలి."

"అది రాదు బావగారూ. ఆదివారమే కాదు, ఎప్పుడూ రాదు."

అతిథుల ముందు ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. కాఫీ ఇచ్చి, తాగేదాకా ఆగి, గేటు తీసి పట్టుకుని నిలబడ్డాను.