బంద్ నాడు ప్రింటరు తీసిన పేజీ

అది 2011. మెదక్‌లో నేను కంప్యూటర్ సెంటర్ నడిపేవాణ్ణి. నేనూ, నా దగ్గర పాఠాలు చెప్పే రహీమూ కలిసి, పిల్లల బరువును బట్టి మందు మోతాదు చెప్పే ప్రోగ్రాం రాశాం. ఓపెన్ సోర్స్ అన్నమాట. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి సరిదిద్దుకోవచ్చు. లెక్కల భాగం రహీందే. ఆ ఎండాకాలం బైక్ ప్రమాదంలో వాడు చనిపోయాడు. పనంతా నా నెత్తిన పడింది.

మిగిలింది డాక్యుమెంటేషన్, అంటే వాడేవాళ్లకు అన్నీ వివరించే పుస్తకం. దానికి రెండు పనిముట్లు చూశాను. ఒకటి వికీ, నెట్‌లో పేజీలు పెట్టి మనమే రాసుకుంటూ పోవచ్చు. నా మోజంతా దానిమీదే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కదా! రెండోది జనరేటర్. కోడ్ మధ్యలో ప్రోగ్రామర్లు రాసుకునే కామెంట్లను ఏరి, వాటినే పుస్తకంగా కూరుస్తుంది. మొక్కుబడిగా ఒకసారి నడిపి పక్కన పెడదామనుకున్నాను.

తెలంగాణ బంద్ రోజది. షట్టర్ సగం దించి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నరమానవుడు లేడు. జనరేటర్ కూర్చిన పేజీలు తీస్తున్న ప్రింటరు చప్పుడొక్కటే. మూడో పేజీ పైన ఇలా ఉంది: "రాసినవారు: రహీం. సందేహాలుంటే ఇతన్ని అడగండి."

కింద కామెంట్‌లో వాడి మాటలే, అచ్చంగా వాడి గొంతే.

"అన్నా, ఐదు కిలోల లోపు పోరగాండ్లకు గీ లెక్క తప్పొస్తుంది. మోతాదు డబల్ అయితుంది. నేను సరిజేసేదాంక ఎవ్వలకియ్యకు."

తేదీ, వాడు పోవడానికి ముందు రోజుది. నాకు చెప్పడానికి వాడికి వ్యవధి లేకపోయింది. నేనేమో రెండు రోజుల కిందటే పిల్లల దవాఖానలో సుజాత సిస్టర్‌కు సీడీ ఇచ్చేశాను, పుస్తకం వచ్చాకే వాడమని చెప్పి. వెంటనే ఫోన్ చేశాను.

"డాక్టర్ సారు రాస్తారోకోల ఇరుక్కున్నడు సార్. టేక్మాల్ నుంచి పసిపోరడు వచ్చిండు, నాలుగు కిలోలే ఉన్నడు. ఫోన్ల మందు పేరు చెప్పిండు సారు. మోతాదు మీ ప్రోగ్రాంల జూసి సూదిల తీసిన."

"ఆగుండ్రి సిస్టర్! ఇయ్యకుండ్రి. గోడ మీది మోతాదుల చార్టు జూడుండ్రి."

ఫోన్లో బిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు.

"చార్టుల సగమే ఉన్నది సార్. పారవోసిన. గీ తప్పు ఎవలు పట్టిండ్రు?"

"రహీం."

"రహీం సార్ ఎండకాలంలనే పాయె గద! మరి ఇప్పుడు చెప్పిందెవరు సార్?"

కోడ్‌లోనే రాసిపెట్టి పోయాడని చెప్పాను. వాడు పోయాక రోజూ ఆ కోడ్ తెరిచే కూర్చున్నాను. వాడి మాటలను మాత్రం దాటుకుంటూ పోయాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. సాయంత్రానికి లెక్క సరిచేశాను, జనరేటర్‌నే ఉంచాను. వికీలో ఎంత ముచ్చటగా రాసినా నాకు తెలిసిందే రాసేవాణ్ణి కదా. ఇప్పటికీ ఎవరి కోడ్ చేతికొచ్చినా ముందు కామెంట్లే చదువుతాను, రాసినవాడు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నా సరే.