కుక్క మెడలో లేని తాడు

మా చిన్నప్పుడు తాతయ్య తద్దినం రేపనగా గోడల మీది ఫొటోలన్నీ వసారాలోకి దిగేవి... తుడిచే పని నాది. ముందు గంధపుచెక్క దండ తీయాలి. తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి అద్దం తుడవాలి. ఆ తర్వాతే కుంకుమ బొట్టు. వరస తప్పితే నానమ్మ ఊరుకునేది కాదు. ఇవాళ్టికీ నా ఇంటి పనులు ఆ వరసలోనే సాగుతాయి.

మాది దివిసీమలో ఒక పల్లెటూరు. తొంభైల నాటి మాట.

అన్నిటిలోకీ పెద్దది తాతయ్య ఫొటో. మా పెరట్లోనే తీసింది. కుర్చీలో తాతయ్య, పక్కన నిలబడి పడుచు వయసు నానమ్మ, ఇటువైపు ఒక కుక్క. తాతయ్య కాళ్ళ దగ్గర, నేల మీద, గోచీ పెట్టుకున్న ఒకాయన... చేతి దగ్గర తాడు.

మామూలు రోజుల్లో ఆయన దండ చాటునే ఉండిపోయేవాడు. తుడిచేటప్పుడు మాత్రం కనిపించేవాడు. ఎవరని అడిగితే నానమ్మ ఎప్పుడూ ఒకటే మాట... "మన యానాదోడేనే. కుక్క తాడు పట్టుకున్నాడు. మీ తాతయ్యంటే ప్రాణం వాడికి."

యానాదులు మా ఊరి కాలవ గట్ల మీద మా అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళు. మా పొలాల్లో ఎలుకలు పట్టేవాళ్ళు. వాళ్ళని ఊళ్ళో పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ.

ఆ ఏడాది ఫొటోలు వసారాలో పరిచి ఉన్నాయి. నా చేతిలో కుంకుమ భరిణె. గట్ల మీద బొరియల్లోకి పొగ ఊది పందికొక్కుల్ని పట్టడానికి పొగకుండతో వచ్చిన యానాదుల చెంచమ్మ, పెరట్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. కుండ కింద పెట్టి వసారా అంచుకొచ్చింది.

"అమ్మగారూ... ఈయన మా నాయన."

నానమ్మ తలెత్తలేదు. "అయితే ఏంటంటావు?"

"పోయి నెలయిందమ్మా. కర్మ రోజు ముందర పెట్టుకోడానికి ఫొటో కూడా లేదు. తాతని సూపించమని మా పిల్ల ఏడ్చింది. ఒక్క బొట్టు పెట్టుకుంటానమ్మా... అంతే, పోతాను."

మా బాబాయి లోపల్నించి వచ్చాడు. "బాగుందే! ఇవాళ బొట్టంటావు, రేపు మా నాన్న పక్కన మీ నాయనకీ పిండం పెట్టమంటావు. ఎలకలు పట్టడానికొచ్చావా, ఫొటోలు చూడ్డానికొచ్చావా?"

"పెద్దాయన్ని ముట్టుకోను బాబుగారూ. మా నాయన వరకే."

"రేపు తద్దినం పెట్టుకుని ఈ ముట్టుకోడాలేంటి? ఆ బొట్టేదో నువ్వే పెట్టి పంపించెయ్యవే," అంది నానమ్మ నాతో.

"పాపగారు పెడితే నే పెట్టినట్టవదు కదమ్మా..."

ఎలాగైనా ఆ గొడవ ఆగితే చాలనిపించింది నాకు. ఆయన మంచివాడని చెబితే బాబాయి ఒప్పుకుంటాడనుకున్నాను. "కుక్క తాడు పట్టుకున్నాయనే కదా నానమ్మా! తాతయ్యంటే ప్రాణమన్నావుగా?" అన్నాను గట్టిగా.

చెంచమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు.

"కుక్క మెడ సూడండి పాపగారూ."

చూశాను. మెడ ఖాళీగా ఉంది. తాడు ఒక కొస ఆయన మణికట్టుకి చుట్టి ఉంది... రెండో కొస తాతయ్య కుర్చీ కాలికి.

ఏటా తుడిచిన అద్దమే.

"వెండి చెంబు పోయిందని పొద్దున్నించీ కట్టేశారంట," అంది చెంచమ్మ. "బందరు నుంచి ఫొటో ఆయన వచ్చేతలికి, కాళ్ళకాడ బోసిగా ఉందని అట్టాగే కూకోబెట్టి తీశారంట. చెంబు సాయంత్రం మీ నూతిలోనే దొరికింది. అప్పుడిప్పారు. మా నాయన సెప్పేవోడు..."

"నోర్ముయ్!" బాబాయి ఫొటో లాక్కోబోయాడు. "ఎప్పుడో చచ్చిపోయినాయన మీద నిందలేస్తావా?"

"నిందేంటి బాబూ? అమ్మగారు ఆడనే ఉన్నారుగా..."

ఫొటోలో ఉన్న నానమ్మ కుర్చీ పక్కనే నిలబడి ఉంది... వసారాలో ఉన్న నానమ్మ చూపు తిప్పుకుంది. బాబాయి చేతిలో పటం అంచు, చెంచమ్మ చెయ్యి దానికి జానెడు దూరంలో.

"వదిలెయ్ రా," అంది నానమ్మ.

చెంచమ్మ ఉంగరపు వేలు భరిణెలో ముంచింది. ఆ చిన్న నుదుటి మీద జాగ్రత్తగా బొట్టు పెట్టింది. "పోలయ్య, పాపగారూ... మా నాయన పేరు," అని నాకే చెప్పి, పొగకుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వెంటనే నానమ్మ అద్దం మళ్ళీ కడిగించింది. మర్నాడు తద్దినం యథావిధిగా జరిగింది. ఆ తర్వాతి వారం బందరు నుంచి కొత్త దండ వచ్చింది... పాతదానికంటే పెద్దది. పటం కిందిదాకా వేలాడేది.

పెళ్ళయి గుడివాడ వచ్చాను. నానమ్మ పోయాక ఆ ఫొటో ఎవరూ అడగలేదు, నేను తెచ్చుకున్నాను. చెంచమ్మకి ఇద్దామని బందరులో ఒక స్టూడియోకి తీసుకెళ్ళి, పోలయ్య గారి వరకూ పెద్దది చేయించాను. ఆ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, "ఈ తాడు బాలేదు మేడమ్, తీసేయమంటారా? చిటికెలో పోతుంది," అన్నాడు.

ఉంచెయ్యమన్నాను. తీయడానికి నేనెవర్ని?

కాపీ పట్టుకుని ఊరికి వెళ్తే, యానాదుల గుడిసెలుండే చోట రొయ్యల చెరువు ఉంది. వాళ్ళెటు పోయారో చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా వేల ఫొటోలు... నచ్చనిది వేలితో తుడిచేస్తే పోతుంది. పోలయ్య గారికి నాకు తెలిసి ఉన్నది ఆ ఒక్కటే. అదీ మా ఇంట్లో ఉండిపోయింది.

మీ ఇళ్ళలోనూ పాత పటాలుంటే ఒకసారి దండ పైకెత్తి చూడండి. నేల మీద కూర్చున్నవాళ్ళ పేరు తెలిస్తే ఇక్కడ రాయండి. దివిసీమ వైపు వాళ్ళెవరైనా చెంచమ్మనో, తాతని చూపించమని ఏడ్చిన ఆ పిల్లనో ఎరిగి ఉంటే నాకు చెప్పండి...

ఆ తాడు ఉంచాలో తీయాలో వాళ్ళే చెప్పాలి.